అమెరికా అధ్యక్షులు: యుద్ధప్రవేశము, యుద్ధనిర్గమము

1787 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీని ఫిలడెల్ఫియా నగరమున, అమెరికా సంయుక్తరాష్ట్రములకు రాజ్యాంగము రచించుటకై కూడిన సభలో ఒక క్రియాపదమును గూర్చి చర్చ జరిగెను. ముసాయిదాలో శాసనసభకు యుద్ధము "చేయు" అధికారము ఈయబడి యుండెను. శాసనసభ పనులు మందగతిని నడచునని యొక సభ్యుడు ఆక్షేపించెను. అట్లయిన ఆ యధికారమును అధ్యక్షునికే యిచ్చుట మేలని దక్షిణ కారొలైనా ప్రతినిధి పియర్స్ బట్లరు పలికెను. ప్రజాప్రభుత్వమును స్థాపించుటకు వచ్చిన చోట ఇట్టి సూచనను వినవలసి వచ్చునని తాననుకొనలేదని మాసచూసెట్సు ప్రతినిధి ఎల్బ్రిడ్జి జెర్రీ ఆశ్చర్యపడెను. తుదకు జేమ్సు మాడిసను, జెర్రీ యిరువురును గలసి "చేయు" అను మాటను తీసివేసి "ప్రకటించు" అను మాటను ప్రతిపాదించిరి. శత్రువు హఠాత్తుగా మీదబడినచో అడ్డుకొనుట అధ్యక్షుని పని. యుద్ధమునకు పోవలయునా వలదా యని నిశ్చయించుట ప్రజాప్రతినిధుల పని. ఆ మార్పునకు తాత్పర్యమిది.

ఆనాటి చర్చలోనే మఱి రెండు మాటలు వినబడినవి. యుద్ధమున దిగుటకంటె దానినుండి వెలువడుట సులభముగా నుండవలెనని కనెక్టికటు ప్రతినిధి ఆలివరు ఎల్స్‌వర్తు అనెను. యుద్ధమునకు అడ్డంకులు పెట్టుటయు, శాంతికి దారి సుగమము చేయుటయు తన కిష్టమని వర్జీనియా ప్రతినిధి జార్జి మేసను అనెను. రాజ్యాంగకర్తల యుద్దేశ మింత స్పష్టముగా నుండగా, ఆ దేశచరిత్ర దీనికి సరిగా తలక్రిందుగా నడచినది. అది యెట్లు నడచినదో తెలిసికొనుట ప్రజాప్రభుత్వమున నివసించువారి కందఱికిని అవసరమని నా నమ్మకము. ఏలయన, మన పాఠ్యపుస్తకములు యుద్ధముల తేదీలను చెప్పును. సేనానుల పేర్లను చెప్పును. యుద్ధము ఎవరి చేతిమీదుగా వచ్చినదో, ఎవరి చేతిమీదుగా పోయినదో చెప్పవు.

మొదట ఒక లెక్క. ఆ దేశపు కాంగ్రెసు నాటినుండి నేటివఱకు యుద్ధమును సక్రమముగా ప్రకటించినది అయిదు యుద్ధములలో, మొత్తము పదునొకండు మారులు మాత్రమే. 1812 లో ఇంగ్లండుమీద, 1846 లో మెక్సికోమీద, 1898 లో స్పెయినుమీద, 1917 లో మొదటి ప్రపంచయుద్ధమున రెండు మారులు, రెండవదానిలో ఆఱు మారులు. కడపటి ప్రకటన 1942 జూను నెలది. కొరియా, వియత్నాము, ఇరాకు, ఆఫ్గనిస్తానము — ఇవి యేవియు ఈ లెక్కలో లేవు. ప్రకటనలు ఆగిపోయినవి గాని యుద్ధము లాగిపోలేదు.

ప్రకటన యున్నంతమాత్రమున కాంగ్రెసు నిజముగా నిర్ణయించినదని యనుకొనుటయు పొరపాటే. 1846 వ సంవత్సరపు కథ చూడుడు. అధ్యక్షుడు జేమ్సు పోల్కునకు కాలిఫోర్నియామీద కన్నుండెను. దానిని కొనుటకు దూతను బంపెను. మెక్సికో ఆ దూతను అంగీకరింపలేదు. అంతట జనరల్ జకరీ టెయిలరును సైన్యముతో రియో గ్రాండు నదివఱకు పొమ్మని 1846 జనవరిలో ఆజ్ఞాపించెను. న్యూయెసెసు నదికిని రియో గ్రాండునకును నడుమనున్న ఆ భూమి తమదని మెక్సికో వాదించుచుండెను. వివాదగ్రస్తమైన పొలములో పాలేళ్లను దింపి, ఎదుటివాడు కఱ్ఱ యెత్తువఱకు కాచియుండు మోతుబరి పద్ధతి మన పల్లెలలో ఎఱుగనివా రుండరు. మే 9 వ తేదీని, ఇంకను దెబ్బ తగిలిన వార్త రాకమునుపే, యుద్ధమును కోరుచు కాంగ్రెసునకు సందేశము పంపుదునని పోల్కు తన మంత్రులతో చెప్పెను. ఆ సాయంకాలమే వార్త వచ్చెను: ఏప్రిలు 25 వ తేదీని మెక్సికనులు నది దాటి టెయిలరు దళమొకదానిని ముట్టడించిరి. కొందఱు చచ్చిరి, తక్కినవారు పట్టుబడిరి. మే 11 న కాంగ్రెసు చేతికందిన సందేశములో మెక్సికో అమెరికా నేలమీదనే అమెరికనుల రక్తము చిందించినదని యుండెను, యుద్ధము కోరబడలేదు, యుద్ధము ఇదివరకే యున్నదని తెలుపబడెను!

ఈ నేర్పును గమనింపుడు. సైన్యమునకు ధనము, స్వచ్ఛందసైనికులు కావలెనను ప్రార్థనతోపాటు, యుద్ధమునకు మెక్సికోయే కారణమను వాక్యమును ఒక్క బిల్లులోనే ముడిపెట్టిరి. కాదన్నవాడు పొరుగుదేశమున ప్రాణాపాయమున నున్న స్వదేశసైనికులకు సాయము నిరాకరించినవా డగును. ప్రతినిధిసభ సుమారు రెండు గంటలలో 174 మంది అనుకూలురు, 14 మంది ప్రతికూలురుగా దానిని ఆమోదించెను. సెనేటులో ఇద్దఱే కాదనిరి. మన భారతమున సంగ్రామమునకు ముందు ఒక పర్వము పర్వమంతయు రాయబారములకును ఆలోచనలకును సరిపోయినది. అచ్చట రెండు గంటలు చాలినవి.

తరువాత విచారణ రాకపోలేదు. 1847 డిసెంబరులో ఇల్లినాయి నుండి క్రొత్తగా వచ్చిన యొక ప్రతినిధి, ఆ రక్తము చిందిన చోటు ఏదో, అది నిజముగా అమెరికా నేలయే యగునో కాదో చెప్పుమని అధ్యక్షుని ప్రశ్నించుచు తీర్మానములు ప్రవేశపెట్టెను. ఆయన పేరు అబ్రహాము లింకను. ఈ యుద్ధమును అధ్యక్షుడు అనవసరముగాను రాజ్యాంగవిరుద్ధముగాను ఆరంభించెనని 1848 జనవరిలో ప్రతినిధిసభ స్వల్పాధిక్యమున తీర్మానించెను. లింకనుకు లభించిన ఫలము స్వదేశపు పత్రికల యెగతాళి. (పదుమూడు సంవత్సరముల తరువాత తానే అధ్యక్షుడై, అంతర్యుద్ధము వచ్చినపుడు, కాంగ్రెసు సమావేశమగుటకు ముందే సైన్యములను బిలిచి, దక్షిణపు రేవులను దిగ్బంధించినవాడును ఆయనయే. ప్రశ్న వేయువాని స్థానము వేఱు, జవాబు చెప్పువాని స్థానము వేఱు.)

ఇక వెలువడిన విధము. ఇది నాకు మిక్కిలి యిష్టమైన కథ. మన చరిత్రపుస్తకములలో దీనికి చోటు దొరకదు. నికొలాసు ట్రిస్టు విదేశాంగశాఖలో ప్రధాన గుమాస్తా. సంధి కుదుర్చుటకై పోల్కు ఆయనను సైన్యముతోపాటు మెక్సికోకు పంపెను. 1847 సెప్టెంబరులో మెక్సికోనగరము పట్టుబడెను. గెలుపు చూచి వాషింగ్టనులో ఆశలు పెరిగినవి. ఇంకను అధికమైన భూమి కావలెననువారు బయలుదేరిరి. ట్రిస్టును వెనుకకు రమ్మని యాజ్ఞ వచ్చెను. నవంబరులో ఆ యాజ్ఞ యందిన ట్రిస్టు కొన్నాళ్లు తర్కించుకొని, తాను మరలినచో సంధి చేయగల మెక్సికనుప్రభుత్వమే కూలునని యెంచి, పోనని నిశ్చయించెను. తన కారణములను అరువదియైదు పుటల లేఖగా వ్రాసి యజమానునికి పంపెను! అధికారము పోయిన యా గుమాస్తా 1848 ఫిబ్రవరి 2 వ తేదీని గ్వాడలూపె హిడాల్గోయందు సంధిపత్రముమీద చేవ్రాలు చేసెను. పోల్కు మండిపడెను. కాని ఆ పత్రములో తాను కోరిన కాలిఫోర్నియా యున్నది. యుద్ధముమీద ప్రజలకు విసుగు పుట్టినది. త్రోసివేసినచో కాంగ్రెసు ధన మీయకపోవచ్చును. కావున ఒప్పందమును సెనేటుకు పంపెను, ట్రిస్టును ఉద్యోగమునుండి తీసివేసెను, జీతమును నిలిపివేసెను. ఒకటిన్నర కోటి డాలర్లకు మెక్సికో తన దేశములో సగమువఱకు కోల్పోయెను. అమెరికను సైనికులు సుమారు 13,000 మంది చనిపోయిరి. వారిలో అత్యధికులు రోగములచేతనే. ట్రిస్టునకు రావలసిన సొమ్మును కాంగ్రెసు చెల్లించినది 1871 లో. పై యధికారి యాజ్ఞను మీఱిన గుమాస్తావలన ఒక యుద్ధము ముగియుట లోకచరిత్రలో అరుదు. న్యాయమైన సంధి యని నే ననుట లేదు. అంతకంటె అన్యాయమైనది రాకుండ ఆపినదని మాత్రము చెప్పవచ్చును.

1898 లో స్పెయినుతో జరిగినది మూడు నెలల పోరాటము. హవానా రేవులో "మెయిన్" అను యుద్ధనౌక ప్రేలి సుమారు 260 మంది చచ్చిరి. కారణము తేలకమున్నే పత్రికలు శత్రువును నిర్ణయించినవి. మెకిన్లీ కొంతకాలము వెనుకాడి లొంగిపోయెను. క్యూబాను విడిపింపబోయి ఫిలిప్పీనులను కొని, అచ్చటి స్వాతంత్ర్యవాదులతో 1902 వఱకు పోరాడవలసి వచ్చెను. ద్వారమొకటి, చేరిన యిల్లు వేఱొకటి.

వుడ్రో విల్సను కథ యింతకంటె దుఃఖకరము. తాను పండితుడు, రాజ్యాంగమునుగూర్చి గ్రంథములు వ్రాసినవాడు. 1916 ఎన్నికలలో ఆయన పక్షమువారు, దేశమును యుద్ధమునకు దూరముగా నుంచినవాడని చెప్పి యోట్లడిగిరి. 1917 ఏప్రిలు 2 వ తేదీని అదే విల్సను కాంగ్రెసునెదుట నిలిచి యుద్ధప్రకటన కోరెను. జర్మనులు జలాంతర్గాములతో తటస్థుల నావలను ముంచుట నిజము. కారణము లేని యుద్ధమని దీనిని త్రోసివేయరాదు. సెనేటులో ఆఱుగురు, ప్రతినిధిసభలో ఏబదిమంది కాదనిరి. వారిలో నొకరు కాంగ్రెసునకు ఎన్నికయిన మొదటి స్త్రీ, జానెట్ రాంకిను. ఆమెయే 1941 లో జపానుమీది ప్రకటనకు ఏకైక వ్యతిరేక మోటు వేసెను.

లోకమున ప్రజాప్రభుత్వమునకు రక్షణ కలిగింపవలెనని పలికిన విల్సను ప్రభుత్వమే స్వదేశమున నోళ్లు మూయించెను. యుద్ధమునకు విరుద్ధముగా ఒహాయోలో ఉపన్యసించినందుకు సోషలిస్టు నాయకుడు యూజిను డెబ్సునకు పదియేండ్ల శిక్ష పడెను. 1920 ఎన్నికలలో ఆయన కారాగారమునుండియే అధ్యక్షపదవికి పోటీచేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పొందెను. యుద్ధము ముగిసి రెండేండ్లు గడచినను విల్సను ఆయనను క్షమింపలేదు; విడుదల చేసినవాడు తరువాతి అధ్యక్షుడు హార్డింగు.

ఒకనాడు తరగతిలో ఈ పాఠము చెప్పుచు, 1918 నవంబరు 11 న యుద్ధము ముగిసెనంటిని. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "మాస్టారూ, ముగిసిందని ఎవరు చెప్పాలండీ?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. తుపాకు లాగినది ఆనాడే; కాని చట్టప్రకారము అమెరికాకును జర్మనీకిని యుద్ధము 1921 జూలై 2 వఱకు నడచుచునే యుండెను. వెర్సేల్సు సంధిపత్రమును విల్సను తెచ్చెను. నానాజాతిసమితిని అందులో చేర్చెను. సెనేటు సవరణలు కోరగా ఒక్క యక్షరమును మార్చనని పట్టుపట్టెను. దేశమంతయు తిరిగి యుపన్యసించుచు జబ్బుపడి, 1919 అక్టోబరులో పక్షవాతముచే మంచము పట్టెను. సెనేటు ఆ సంధిని 1919 నవంబరులోను, 1920 మార్చిలోను నిరాకరించెను. తుదకు హార్డింగు ఒక తీర్మానముమీద సంతకము చేయగా యుద్ధము "ముగిసెను". దేశమును యుద్ధములోనికి నడిపించుటకు విల్సనునకు నాలుగు దినములు పట్టినవి; శాంతిలోనికి నడిపించుటకు ఆయన యాయుస్సు చాలలేదు. ఆ బాలునికి ఈ సమాధానము మరునాడు చెప్పితిని.

ఫ్రాంక్లిను రూజ్వెల్టును గూర్చి వ్రాయుటకు చాల కలదు గాని ఇచ్చట వలదు. 1941 డిసెంబరు 7 న పెరల్ హార్బరుమీద జపానువారు పడిన తరువాత వాదమే లేకపోయెను. అంతకుముందు ఆయన ఇంగ్లండునకు ఆయుధము లిచ్చుటయందును, అట్లాంటికుమీద నౌకలను నడపుటయందును ప్రజలకు చెప్పినదానికంటె ఎక్కువ చేసెనని మాత్రము చెప్పి ముందునకు పోవుదును.

అసలు మలుపు 1950 జూను నెలలో వచ్చినది. ఉత్తరకొరియా సేనలు దక్షిణమున ప్రవేశించిన అయిదారు దినములలో హారీ ట్రూమను విమానములను, నౌకలను, పిదప పదాతులను పంపెను. కాంగ్రెసును ఓటు అడుగలేదు. ఐక్యరాజ్యసమితి తీర్మానము చాలునన్నాడు. ఇది రక్షకభటుల చర్య వంటిదా యని ఒక పత్రికావిలేఖరి యడుగగా, ఔనన్నాడు. సెనేటరు రాబర్టు టాఫ్టు ఆక్షేపించెను, వినినవారు లేరు. ఈ రక్షకభటుల చర్యలో అమెరికను సైనికులు 36,000 మందికి పైగా చచ్చిరి. కొరియనుల సంఖ్య లక్షలతో గాని చెప్పరాదు. ఆనాడు కాంగ్రెసును అడిగియుండినచో నిస్సంశయముగా అనుమతి లభించియుండెడిది. అడుగకపోవుటచే ట్రూమనునకు లాభము కలుగలేదు. యుద్ధము చెడినపుడు అది ఒక్క "ట్రూమను యుద్ధ"మయ్యెను.

1951 జూలైలో సంధిచర్చలు మొదలయ్యెను, రెండేండ్లు సాగెను. స్వదేశమునకు పోనొల్లని యుద్ధబందీలను బలవంతముగా పంపవలయునా యన్నదే పెద్ద చిక్కు. ఇచ్చట మన దేశమునకు సంబంధ మున్నది. 1952 లో కృష్ణమేనను ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించిన మార్గమే తుదకు కొన్ని మార్పులతో దారి చూపినది. జనరల్ తిమ్మయ్య అధ్యక్షతను తటస్థసంఘము ఏర్పడెను. ఇరువదిరెండువేలకు పైబడిన బందీలకు భారతసైనికులు కావలికాచిరి. ఏ పక్షమునకును పోమన్నవారిని కొందఱిని 1954 లో మన దేశమునకే తెచ్చిరి.

సంధి కుదిర్చినవాడు ట్రూమను గాడు, ఐసెన్‌హోవరు. తాను కొరియాకు స్వయముగా పోదునని ఎన్నికలకుముందు చెప్పి, గెలిచి, పోయి, చూచి, గెలుపు ఓటమి లేని సంధికి 1953 జూలై 27 న ఒప్పుకొనెను. అదే సంధిని ట్రూమను చేసియుండినచో పిఱికివాడని యందురు. ఐరోపాను గెలిచిన సేనానిని ఆ మాట యనగలవా రెవరు? ఇందులో ఒక రహస్యమున్నది. యుద్ధమును ఆరంభించినవాడు దానిని విడువవలెనన్నచో తన తప్పును తానే యొప్పుకొనవలెను. తరువాతివానికి ఆ భారము లేదు.

ఈ రహస్యమునకు బలియైనవాడు లిండను జాన్సను. ఆయన టెలిఫోను సంభాషణలు ముద్రితములై నేడు వినుటకు లభించుచున్నవి. 1964 మే 27 న తన పాత స్నేహితుడు సెనేటరు రసెలుతోను, సలహాదారు బండీతోను మాటలాడుచు, వియత్నాము పోరాడదగినది కాదనియు, అయినను బయటపడు దారి కనబడదనియు వాపోయినాడు. ఈ మాట లన్ననాటికి అమెరికను పోరాటదళములు అచ్చట దిగనేలేదు. ఉన్నవారు పదునాఱువేలమంది సలహాదారులు. తెలిసి దిగినవాడు, తెలియక దిగినవాడు కాడు. ఇదియే నా మనస్సును కలచు విషయము.

ఆగస్టు 2 న టాంకిను సింధుశాఖలో ఉత్తరవియత్నాము పడవలు "మాడక్సు" అను నౌకమీద కాల్పులు జరిపినవి. 4 వ తేదీని రెండవ దాడి జరిగినదని తంతి వచ్చెను. అట్టి దాడి జరుగనేలేదని తరువాత తేలినది. ఆ రాత్రియే నౌకాధికారి సంశయము వెలిబుచ్చియుండెను. ఆగస్టు 7 న కాంగ్రెసు అధ్యక్షునికి కావలసినదెల్ల చేయుటకు అనుమతి నిచ్చెను: ప్రతినిధిసభలో 416 మంది, కాదన్నవాడొక్కడును లేడు, సెనేటులో 88 మంది, కాదన్నవారు మోర్సు, గ్రూనింగు అను నిరువురు. ఆ నిరువురును 1968 లో తమ స్థానములను పోగొట్టుకొనిరి.

ఆ యేటి యెన్నికలలో జాన్సను శాంతికాముకుడుగా గెలిచెను. ఆసియా యువకులు చేయవలసిన పనికి అమెరికా యువకులను పంపనని సభలలో చెప్పెను. 1965 మార్చిలో నావికాసైనికులు డా నాంగులో దిగిరి. జూలై 28 న సైన్యమును 75,000 నుండి 1,25,000 కు పెంచుచున్నానని ప్రకటించి, ఇది విధానమున మార్పా యని యడుగగా కాదనెను. ఏల యింత దాపఱికము? మఱి రెండు దినములకు ఆయన వృద్ధులకు వైద్యసహాయము కలిగించు చట్టముమీద సంతకము చేసెను. వారము తిరుగగనే నీగ్రోల యోటుహక్కును కాపాడు చట్టముమీద సంతకము చేసెను. యుద్ధమును బహిరంగముగా చర్చకు పెట్టినచో ఆ సంస్కరణలకు ధనము దొరకదని భయపడెను. ఓడిపోయినచో పిఱికివాడని ప్రతిపక్షులు తన సంస్కరణలనే కూల్చుదురని అంతకంటె భయపడెను. సంఘసంస్కరణమును కోరువారు ఈ ఘట్టమును మఱిమఱి చదువవలెను. బీదలకొఱకు అన్ని చట్టములు తెచ్చినవాడు, ఆ చట్టములను కాపాడుకొనుటకై, బీదల బిడ్డలనే యెక్కువగా ఆ యడవులకు పంపెను.

పద్మవ్యూహము సొచ్చుట యెఱిగి వెలువడుట యెఱుగని అభిమన్యునితో ఈ అధ్యక్షులను పోల్చుట సులభము. కాని అది సరిగాదు. అభిమన్యుడు తానే సొచ్చెను, తానే మడిసెను. ఇచ్చట ఆజ్ఞ యొకనిది, ప్రాణములు వేఱొకరివి.

1968 నాటికి సైన్యము అయిదు లక్షలు దాటినది. జనవరి తుదిని టెట్ పండుగనాడు శత్రువులు నగరములలో విజృంభించిరి. గెలుపు దగ్గఱనున్నదన్న మాటలు గాలికి పోయినవి. మార్చి 31 రాత్రి జాన్సను రేడియోలోను టెలివిజనులోను మాటలాడి, బాంబులు వేయుటను చాలవఱకు ఆపుచున్నాననియు, తాను తిరిగి అధ్యక్షపదవికి నిలువననియు చెప్పెను. యుద్ధము విడువలేక పదవిని విడిచెను.

తరువాత వచ్చిన నిక్సనునకు ఐసెన్‌హోవరునకు వలెనే దారి తెఱచియుండెను. ఆయన ఆ దారిని మెల్లమెల్లగా, నాలుగేండ్లు నడచెను. పదాతులను తగ్గించుచు బాంబులను పెంచెను. కంబోడియామీద 1969 లో రహస్యముగా బాంబులు వేయించెను, 1970 లో బహిరంగముగా సైన్యమును పంపెను. దానిని నిరసించిన సందర్భమున కెంటు విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు స్వదేశసైనికుల గుండ్లకు నేలకొఱగిరి. 1973 జనవరి 27 న పారిసులో ఒప్పందము కుదిరెను. ఉత్తరపు సేనలు దక్షిణమున నుండిపోవచ్చునని అందులో నున్నది. 1975 ఏప్రిలు 30 న సైగాను పడిపోయెను. మొత్తము 58,000 మందికి పైబడిన అమెరికను మృతులలో ఇరువదివేలమందికి పైగా నిక్సను ఏలుబడిలో చచ్చినవారు. గౌరవముతో కూడిన శాంతి యని ఆయన చెప్పుకొనెను. నాలుగేండ్ల గౌరవమునకు అది వెల.

1973 నవంబరులో కాంగ్రెసు మేల్కొని, నిక్సను నిషేధమును కాదని, ఒక చట్టమును చేసెను. అధ్యక్షుడు సైన్యమును పోరాటమునకు పంపిన 48 గంటలలో కాంగ్రెసునకు తెలుపవలెను. 60 దినములలో అనుమతి రానిచో విరమింపవలెను. మరలివచ్చుటకు మఱి 30 దినములు. అధ్యక్షులకు ఇది నచ్చలేదు. 2011 లో లిబియామీద బాంబులు పడుచుండ 60 దినములు గడచిపోయినపుడు, ఒబామా ప్రభుత్వమువారు ఇది చట్టము చెప్పిన "పోరాటము" కిందికి రాదని వాదించిరి. ఫిలడెల్ఫియాలో ఒక్క క్రియాపదముతో మొదలయిన వివాదము మరల ఒక్క పదమునొద్దకే వచ్చినది.

కాంగ్రెసును ముందుగా నడిగిన సందర్భములును కలవు. 1991 లో సెనేటు 52 మందికి 47 మంది చొప్పున, నిజమైన చర్చ జరిపి, యుద్ధమునకు సమ్మతించెను; కువైటును విడిపించి ఆ యధ్యక్షుడు అచ్చటనే యాగెను. ఆయన కుమారుడు 2002 లో అనుమతి పొంది, 2003 మార్చిలో ఇరాకుమీదికి పోయెను. ఏ యాయుధములు కలవని చెప్పెనో అవి దొరకలేదు. మే 1 న నౌకమీద నిలిచి, వెనుక విజయపతాకము కట్టించుకొని, ప్రధానపోరాటము ముగిసెననెను. ఆ యుద్ధమున మడిసిన అమెరికను సైనికులలో నాలుగువేలమందికి పైగా ఆ దినము తరువాత మడిసినవారే. 2011 డిసెంబరులో ఒబామా సైన్యమును మరలించెను, 2014 లో మరల పంపెను.

ఇక ఆఫ్గనిస్తానము. 2001 సెప్టెంబరు 11 తరువాత మూడవ దినమున, శిథిలములనుండి యింకను పొగ లేచుచుండగా, కాంగ్రెసు అరువది పదముల యధికారవాక్య మొకటి ఆమోదించెను. శత్రువు పేరు లేదు, దేశము పేరు లేదు, గడువు లేదు. సెనేటులో కాదన్నవారు లేరు. ప్రతినిధిసభలో 420 మంది ఔననగా, కాలిఫోర్నియా ప్రతినిధి బార్బరా లీ యొక్కతెయే కాదనెను. ఆమెకు చంపుదుమని బెదరింపులు వచ్చినవి. ఒక యధ్యక్షుడు ఆ యుద్ధమును మొదలిడెను. రెండవవాడు సైన్యమును లక్షవఱకు పెంచి తగ్గించెను. మూడవవాడు 2020 ఫిబ్రవరిలో ఆఫ్గనుప్రభుత్వమును బయటనుంచి తాలిబానులతో ఒప్పందము చేసికొనెను. నాలుగవవాడు 2021 లో దానిని అమలుపెట్టెను. ఆగస్టు 15 న కాబూలు వారి వశమయ్యెను. 26 న విమానాశ్రయపు గుమ్మమునొద్ద బాంబు ప్రేలి ఎందఱో ఆఫ్గనులతోపాటు పదుముగ్గురు అమెరికను సైనికులు చచ్చిరి. వారిలో పలువురు యుద్ధము మొదలయిననాటికి ఊయెలలో నున్నవారు. 30 వ తేదీని అర్ధరాత్రికి ఒక్క నిమిషము ముందు కడపటి విమానము లేచెను. ఆ యరువది పదముల చట్టము ఆ రాత్రికిని రద్దుకాలేదు.